టమోటా బాక్సుల మీద పేరు

మా చెల్లెలి అత్తగారి ఊళ్ళో టమోటాలు మార్కెట్టుకు పోయేటప్పుడు బాక్సుల మీద ఎవరి పేరు వేయాలన్నది చిన్న విషయం కాదు. పుంగనూరు నుంచి పలమనేరు వెళ్ళే రోడ్డు దిగి కొంత లోపలికి పోతే వస్తుంది ఆ ఊరు. సరుకంతా మదనపల్లె మార్కెట్టుకే పోతుంది. ఇద్దరు ముగ్గురు రైతులు కలిసి ఒక వ్యాను మాట్లాడుకుంటారు కాబట్టి, ఎవరి బాక్సులు ఎవరివో తెలియడానికి పైబాక్సులో పేరు రాసిన చీటీ పెడతారు. ఆ పేరు రైతుదే కావాలని లేదు. ఇంట్లో ఎవరి చెయ్యి మంచిదని నమ్మకముంటే వాళ్ళ పేరు రాస్తారు. చంటిబిడ్డ పేరు రాసినవాళ్ళను చూశాను. ఎప్పుడో పెళ్ళయి వెళ్ళిపోయిన మేనత్త పేరు ఇప్పటికీ రాసేవాళ్ళున్నారు. మండీవాళ్ళకు అది మామూలు. చీటీలో ఏ పేరుంటే ఆ పేరు మీదనే వేలం పాడి, సరుకుతో వచ్చిన మనిషి చేతిలో డబ్బు పెట్టి పంపేస్తారు.

మా చెల్లెలి ఇంట్లో ఆ పేరు ఆమె తోడికోడలిది.

చెల్లెలి భర్త అన్నదమ్ముల్లో పెద్దవాడు. వయసులో నాకంటే చిన్నవాడైనా ‘బావా’ అనే పిలిచేవాణ్ని. సేద్యం అతనిది. తమ్ముడు కుప్పంలో ఒక కాలేజీలో ల్యాబు చూసుకునే ఉద్యోగంలో కుదిరి, అక్కడే కాపురం పెట్టాడు. ఆ తమ్ముడికి పెళ్ళయిన ఏడాది పొలంలో వేసిన బోరులో నీళ్ళు పడ్డాయి. అంతకు ముందు వేసిన బోర్లన్నీ దుమ్ము కక్కాయి. దాంతో కొత్తకోడలి కాలు మంచిదైంది, చెయ్యి మంచిదైంది. ఆ ఏడు టమోటా మొదటి కోత ఆమె పేరు మీద పోయింది. మంచి రేటు పలికింది. ఇక ఆ పేరు మారలేదు.

మా చెల్లెలు ఆ ఇంటికి కరువులో వచ్చింది. నారు పోసేది, కట్టెలు నాటేది, తీగెలకు దారం కట్టేది, కోత కోసేది, కాయ ఏరేది అన్నీ ఆమె. వేళ్ళ సందుల్లో పట్టిన టమోటా పసరు ఎంత రుద్దినా పోయేది కాదు. తోడికోడలు పండగకో పబ్బానికో కుప్పం నుంచి బస్సు దిగేది. దిగగానే అత్తగారు కాళ్ళకు నీళ్ళిచ్చేది. ఆమె చేత పొలంలో నాలుగు కాయలు కోయించేవాళ్ళు. చీర కొంగు నడుముకు దోపకుండానే ఆ నాలుగు కాయలూ కోసి వచ్చేసేది. ఆ సంబరం చూస్తే అన్నగా నాకే కడుపు మండేది. ఇంటికొచ్చి నా భార్యతో చెప్పుకునేవాణ్ని. ‘‘మీ చెల్లెలు ఊరుకున్నా మీరు ఊరుకునేట్టు లేరే’’ అని ఆమె నవ్వేది.

చెల్లెలు ఊరుకునే మనిషేమీ కాదు. నేనున్నప్పుడే ఒకసారి భర్తను నిలదీసింది.

‘‘నా చెయ్యి బాక్సులు మోసేదానికీ, ఆయమ్మ చెయ్యి అదృష్టానికా?’’

బావ నెమ్మదైన మనిషి. ‘‘పేరే కదమే. పేరేమన్నా తింటాదా?’’ అన్నాడు.

‘‘తినకపోతే నా పేరెయ్యి, సూద్దాం.’’

‘‘నీ పేరుతో ఇల్లే నడస్తాండాదే. ఇంగ బాక్సులెందుకు?’’

మాట మంచిదే. కానీ చెల్లెలి ముఖంలో మంట తగ్గలేదు. ఆమె మంటకు ఇంకొక కారణం ఉంది. వ్యాను బయలుదేరే ప్రతిసారీ బావ కుప్పానికి ఫోన్ చేసేవాడు. ‘‘ఏమ్మా, ఈ పొద్దు నీ పేరు పోతాండాది. దేవునికి దండం పెట్టుకో’’ అని మరదలికి చెప్పి, అప్పుడు వ్యాను ఎక్కేవాడు. రెండు మాటల ఫోన్. ఆ రెండు మాటలు వినపడకుండా చెల్లెలు పెరట్లోకి వెళ్ళిపోయేది.

టమోటా ధర బాగా ఎక్కిన ఒక వేసవిలో, సరుకుతో పోతున్న వ్యాను పుంగనూరు దాటాక ఒక మలుపులో బోల్తా పడింది. బావ డ్రైవరు పక్క సీట్లో ఉన్నాడు. ఆసుపత్రికి తీసుకుపోతుంటే దారిలోనే పోయాడు. డ్రైవరుకు కాలు విరిగింది. మలుపులో వేగం తగ్గించలేదని తర్వాత పోలీసులే రాశారు. నేను వెళ్ళేసరికి రోడ్డంతా ఎర్రగా నలిగిన కాయలు. నలగని కాయలను దారిన పోయేవాళ్ళు సంచుల్లో ఏరుకుంటున్నారు. వాళ్ళ మీద నాకు కోపం కూడా రాలేదు. కొత్తగా వచ్చిన ఒకాయన ‘‘కేజీ ఎంత పోతాండాదప్పా ఇప్పుడు?’’ అని నన్నే అడిగాడు.

మదనపల్లెలో ఉండి పేపరుకు వార్తలు రాసి బతికినవాణ్ని. ఇలాంటి వార్తను ‘పోలీసులు కేసు నమోదు చేసి దర్యాప్తు చేస్తున్నారు’ అన్న వాక్యంతో ముగించడం అలవాటు. ఆ వాక్యం తర్వాత ఒక కుటుంబం ఏం చేయాలో, ఎక్కడికి పోవాలో పేపరులో చోటుండదు. ఆ భాగం నాకు చెల్లెలి వెంట తిరిగినప్పుడే తెలిసింది.

పోస్టుమార్టం గది బయట చెట్టుకింద ఇద్దరు మనుషులు నిలబడి ఉన్నారు. ఏడుస్తున్నవాళ్ళలో ఎవరు భార్యో కనిపెట్టి, ‘‘సంతకం పెట్టమ్మా, నష్టపరిహారం మేమే ఇప్పిస్తాం’’ అంటూ ఖాళీ వకాల్తా కాగితం ముందుకు చాపారు. నేను పక్కకు తప్పించాను. చెల్లెలి మరిది ఒకవైపు పోలీసులకు చెబుతున్నాడు. ‘‘మా అన్న వ్యానులో మదనపల్లెకు పోతాంటే బోల్తా పడింది సార్’’ అన్నాడు. కానిస్టేబులు అలాగే రాసుకున్నాడు. చెప్పినవాడి చూపు పోస్టుమార్టం గది వైపే ఉంది. రాసేవాడికి ఇంకో శవ పంచనామా ఎదురుచూస్తోంది. అన్న ఎందుకు పోతున్నాడు, ఎవరి సరుకుతో పోతున్నాడు అన్నది ఆ ఫిర్యాదులో లేదు.

కర్మాంతరాలయ్యాక మదనపల్లెలో నాకు తెలిసిన ఒక లాయరమ్మ దగ్గరికి చెల్లెల్ని తీసుకెళ్ళాను. ప్రమాద కేసుల్లో చెయ్యి తిరిగిన మనిషి. కోర్టుకు ఎదురుగా ఉండే మెట్లెక్కితే చిన్న గది. ఆమె ముందు మంచినీళ్ళిచ్చి, తర్వాత నిదానంగా చెప్పింది.

‘‘సూడమ్మా, పోలీసులు డ్రైవరు మీద పెట్టిన కేసు వేరు. అది వాళ్ళు నడుపుకుంటారు. మనం వేసేది పరిహారం కేసు. ప్రమాదం జరిగిన చోటైనా ఎయ్యొచ్చు, మీరు కాపురముండే చోటైనా ఎయ్యొచ్చు. ఆరు నెల్లు దాటనియ్యకుండా ఏసేద్దాం. నువ్వు, నీ ఇద్దరు బిడ్డలు, మీ అత్త నలుగురూ అర్జీదార్లు. అవతల డ్రైవరు, వ్యాను ఓనరు, ఇన్సూరెన్సు కంపెనీ.’’

‘‘మా అత్త కూడానా?’’ అంది చెల్లెలు.

‘‘కన్నతల్లి కదమ్మా. ఆయమ్మ కూడా కొడుకు సంపాదన మీద బతికిన మనిషే.’’

చెల్లెలు మంచినీళ్ళ గ్లాసు బల్ల మీద పెట్టేసింది. తోడికోడలి కాళ్ళకు నీళ్ళిచ్చిన చేతులు ఆమెకు గుర్తొచ్చి ఉంటాయి.

ఎఫ్ఐఆరు నకలు, పోస్టుమార్టం రిపోర్టు, బండిని పరీక్షించిన ఇన్‌స్పెక్టరు రిపోర్టు, ఛార్జిషీటు, వ్యాను పాలసీ కాగితం, ఇవన్నీ తేవడానికి నేను పుంగనూరుకు తిరిగాను. పోలీసు స్టేషన్లో పాత పరిచయాలుండడంతో నా పని తొందరగా అయింది. అలాంటి పరిచయం లేని ఒక ముసలాయన అదే బెంచీ మీద ప్రతిసారీ కనిపించేవాడు. ‘‘నీకిచ్చిరి కదప్పా, నాకు రేపు రమ్మన్న్యారు’’ అనేవాడు. ఆ గొంతులో ఉన్నది అసూయ అని నాకు తెలుసు. ఆ రోజుల్లో మా ఇంటి నిండా అదే ఉండేది.

కోర్టు వరండాలోనూ అదే. వాయిదాలకు వచ్చే ఆడవాళ్ళు గోడకానుకుని కూర్చుని ఒకరి కేసు ఒకరు విచారించుకునేవాళ్ళు. ఒకామె భర్త ఫ్యాక్టరీలో జీతగాడు. జీతం కాగితం చూపిస్తే చాలు, సంపాదన ఎంతో లెక్క తేలిపోతుంది. రైతు సంపాదనకు అలాంటి కాగితమేదీ ఉండదు. జడ్జిగారు తన అంచనా మీద ఒక అంకె అనుకోవాలి. ఆ సంగతి తెలిశాక చెల్లెలు ఆమె వైపు చూడడం మానేసింది. ‘‘మొగుడు పోయిండేది ఇద్దరికీ ఒకటే. ఆయమ్మకు మాత్రం కాగితముండాది’’ అంది నాతో. భర్త చనిపోయిన మనిషిని చూసి, భర్త చనిపోయిన ఇంకో మనిషి కుళ్ళుకోవడం నేనెప్పుడూ పేపరులో రాయలేదు.

అసలు దెబ్బ ఇన్సూరెన్సు కంపెనీ జవాబుతో వచ్చింది. లాయరమ్మ అది చదివి కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

‘‘సరుకు బండిలో సరుకు యజమాని గానీ, ఆయన తరఫు మనిషి గానీ పోతే ఇన్సూరెన్సు వర్తిస్తాది. ఊరికే ఎక్కినోళ్ళకు వర్తించదు. మీ ఆయన ఊరికే ఎక్కినాడు అంటాండారు వీళ్ళు.’’

‘‘ఊరికే ఎక్కేదేంది?’’ చెల్లెలు లేచి నిలబడింది. ‘‘మా తోటలో కాయలు! నేను కోసిన కాయలు!’’

‘‘కూర్చోమ్మా. వీళ్ళ మనిషి మండీలో విచారించినాడంట. మీ ఇంటి సరుకంతా ఇంకొకామె పేరు మీద వస్తాదని చెప్పినారంట. ఎవురామె?’’

నేనే చెప్పాను, అలవాటు సంగతీ చెప్పాను. లాయరమ్మ అంతా విని, ఇదేమంత పెద్ద చిక్కు కాదంది. తోడికోడలు బోనెక్కి, ‘సరుకు నా పేరు మీదిదే, మా బావ నా తరఫున తీసుకుపోతున్నాడు’ అంటే చాలట. అప్పుడు ఆయన యజమాని తరఫు మనిషి అవుతాడు. కంపెనీ కట్టక తప్పదు. అది రుజువు కాకపోతే తీర్పు వ్యాను ఓనరు ఒక్కడి మీదే వస్తుంది. ఆ ఓనరుకు ఉన్నది ఆ ఒక్క వ్యాను. అది కూడా ఇప్పుడు తుక్కు. పిల్లల చదువులు, చెల్లెలి బతుకు, ముసలామె మందులు అన్నీ ఆ ఒక్క మాట మీద ఆగాయి.

మెట్లు దిగుతుంటే చెల్లెలు అంది, ‘‘అయితే జడ్జి ముందర ఆయమ్మ పంటకు యజమాని. నా మొగుడు ఆయమ్మ కూలోడు. అదేనా నేను కోర్టులో ఇనాల్సింది?’’

‘‘అట్లని కాదమ్మా...’’

‘‘అట్లే!’’

కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. పిల్లల చదువుల కోసం అప్పటికి మదనపల్లెలోనే మా వీధికి దగ్గర ఒక పోర్షన్ తీసుకుని ఉంటోంది. తర్వాత ఒకరోజు తనే వచ్చి గుమ్మంలో నిలబడి, ‘‘అన్నా, పోయి అడుగు నా. ఆయమ్మ పేరే ఉండె అని చెప్పమను’’ అంది. నా వైపు చూడకుండా అంది. అభిమానం చంపుకుని ఒప్పుకుందనే అనుకున్నాను.

కుప్పం వెళ్ళాను. మరిది డ్యూటీలో ఉన్నాడు. తోడికోడలు ఒక్కతే ఉంది. కాలేజీకి దగ్గరగా రెండు గదుల ఇల్లు, గుమ్మంలో నీళ్ళ డ్రమ్ములు. కాఫీ ఇచ్చి కింద కూర్చుంది. నేను సంగతంతా చెప్పాను. ఆమె చెప్పనివ్వకుండా అడ్డం రాలేదు. చివర్న మాత్రం తల అడ్డంగా ఊపింది.

‘‘నేను చెప్పలేను నా.’’

నాకు మంట నెత్తికెక్కింది. ‘‘ఇన్నేండ్లు పేరు ఏసుకున్యారు కదమ్మా. ఒక్కసారి చెప్పేదానికేం?’’

‘‘నేను ఏసుకున్యానా? ఎవురైనా నన్నడిగినారా?’’ ఆమె గొంతు కూడా లేచింది. ‘‘అక్క ఏమనుకుంటాందో నాకు తెలీదా? నాకేమొచ్చింది నా, ఆ పేరుతో? ఒక బుట్ట కాయలైనా కుప్పానికి వచ్చినాయా? ఈ ఇంట్లో టమోటా నేను సంతలో కొంటాను. రేటు పడిపోయిన పొద్దు మాత్రం, ఆమె చెయ్యి కూడా పని చెయ్యలే అంటారు. అక్కకు తోటుండాది, ఇల్లుండాది, బావ పొద్దుగూకులూ పక్కనే ఉండె. ఈయప్ప పొద్దున పోతే సాయంత్రం, నాలుగు గోడల్లో నేనొక్కదాన్నే. నాకు ఆ ఇంట్లో ఉండిందల్లా ఆ ఫోనొక్కటే.’’

అంతవరకు ఆ మనిషికి కూడా కుళ్ళుకోవడానికి ఏదో ఒకటి ఉంటుందని నాకు తోచలేదు.

‘‘చెప్పకూడదని కాదు నా’’ అంది ఆమె. ‘‘అబద్ధం ఎట్లా చెప్పేది? ఆ పొద్దు నా పేరు పోలే.’’

‘‘ఏందమ్మా?’’

‘‘ఫోన్ రాలే. పెండ్లయినప్పటినుంచీ సరుకు పోయిన ప్రతి పొద్దూ బావ ఫోన్ చేస్తాడు. రేటు బాగుండాదని టీవీలో చెప్తాండారు, ఈ పొద్దు కోత ఉంటాదని నాకు తెల్సు. ఫోన్ కోసరమని స్టవ్ కూడా ముట్టీలే. రాలే. అప్పుడే అనుకుంటి, అక్క గెలిచింది, పేరు మార్పించేసిందని. నాకెంత కోపమొచ్చిందో! నేనే చేద్దామని ఫోన్ తీసుకుని మళ్ళా పెట్టేస్తి. యాల చెయ్యాల, వాళ్ళకు లేంది నాకేం అని.’’ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ‘‘కొంచేపటికి ఇంకో ఫోనొచ్చె.’’

తిరుగు బస్సులో వి.కోట, పలమనేరు, పుంగనూరు ఎప్పుడు దాటాయో గమనించలేదు. బోల్తా పడిన మలుపు వచ్చినప్పుడు మాత్రం కిటికీ లోంచి చూశాను. అక్కడ ఏమీ లేదు.

చెల్లెలు బియ్యం ఏరుకుంటోంది. చెప్పులు విప్పకుండానే అడిగాను.

‘‘ఆ పొద్దు చీటీలో ఎవురి పేరుండె?’’

ఆమె చెయ్యి ఆగింది. ‘‘చెప్పేసిందా ఆయమ్మ?’’

‘‘ఆయమ్మకు తెలీదు. ఫోన్ రాలేదంది.’’

చేటను పక్కకు నెట్టి, గోడ చూస్తూ మాట్లాడింది. ‘‘రేటు అంతెప్పుడూ లేదు నా. ఊరంతా అదే మాట. బాక్సులు ఎత్తతాంటే మా అత్త, సిన్నకోడలి చెయ్యి సూడు, ఎట్లా పలకతాందో అనె. నాకు ఒళ్ళు మండిపోయె. బోరు నీళ్ళు మళ్ళీసింది నేను, కాయకు ఊజీ ఈగ పడకుండా మందు కొట్టించింది నేను, ఈ రేటు కూడా ఆయమ్మకేనా? మా అత్త లోపలికి పోతానే చీటీ గుంజుకుని నేనే రాస్తి, నా పేరు. ఆయప్ప నవ్వినాడు. సరేలే, ఈసారికి నీ అదృష్టం సూద్దాం అన్న్యాడు. ఫోన్ తీసుకోబోతే ఆయమ్మకు ఇంగ యాల అంటి. జోబులో పెట్టుకున్న్యాడు.’’

నేను చెప్పులు విప్పి అరుగు మీద కూర్చున్నాను.

‘‘ఒక్క పొద్దు నా పేరు పోయింది. ఆ ఒక్క పొద్దే ఆయప్ప పోయినాడు. ఇది నేను కోర్టులో చెప్తే ఊళ్ళో ఏమంటారు? మా అత్త ఏమంటాది? రేపు నా బిడ్డలేమంటారు? దానికంటే ఆయమ్మ పేరే ఉండె అనుకోనీ.’’

‘‘మలుపులో వేగంగా తిప్పింది డ్రైవరు కదమ్మా.’’

‘‘నాకు తెల్సు. తెలిసేది వేరు నా.’’

లాయరమ్మకు ఈ సంగతి చెప్పినప్పుడు ఆమె తల పట్టుకుంది. ‘‘అమ్మా తల్లీ! ఇది మనకు మంచి మాట. సరుకు నీ పేరు మీదుంటే, నీ మొగుడు నీ సరుకుతో పోతాండాడు. ఇంతకంటే ఏం కావాల?’’ అంది. కానీ చీటీ రోడ్డు మీదే పోయింది, వేరే రైతులెవరూ దాన్ని చూడలేదు. డ్రైవరు కాలికి కట్టు కట్టించుకుని బెంగుళూరు వైపు వెళ్ళిపోయాడు, నోటీసులకు కూడా రావడం లేదు. అర్జీదారు మాట ఒక్కటే అయితే, పరిహారం కోసం ఇప్పుడు కల్పించుకుని చెబుతోందని అవతలి లాయరు అంటాడు. దాన్ని బలపరిచే ఇంకొక మనిషి కావాలి. అలాంటి మనిషి కుప్పంలో ఒక్కతే ఉంది.

‘‘ఆయమ్మతో నేను మాట్లాడను’’ అంది చెల్లెలు.

‘‘మాట్లాడొద్దులే. మీరు మాట్లాడుకోకుండా ఉంటేనే మంచిది’’ అంది లాయరమ్మ.

చెల్లెలు చెప్పేదీ చెప్పనిదీ వాయిదా రోజు వరకు మాకు తెలియదు. వాయిదాకు ముందు రోజు కూడా ‘‘రేపు సూద్దాం’’ అనే అంది. ఆ రోజు అత్తగారు కూడా కోర్టుకు వచ్చింది. అర్జీదారు కదా, ముందు బెంచీలోనే కూర్చుంది. చెల్లెలు బోనెక్కి ఆమెను ఒకసారి చూసింది. ఇక చెప్పదనుకున్నాను.

కంపెనీ లాయరు మర్యాదస్తుడే. మెల్లగా మొదలుపెట్టి అడగాల్సిన చోటికి వచ్చాడు. ‘‘మీ సరుకు ఎప్పుడూ మీ తోడికోడలి పేరు మీదనే పోయేది, అవునా?’’

‘‘అవును సార్.’’

‘‘ఆ రోజు కూడా అంతే కదా?’’

చెల్లెలు బోను కట్టెను రెండు చేతులతో పట్టుకుంది. ‘‘కాదు సార్. ఆ పొద్దు నా పేరు రాస్తి.’’

అత్తగారు తల పైకెత్తింది.

‘‘ఇన్నేళ్ళు లేనిది ఆ ఒక్కరోజే ఎందుకు మార్చారమ్మా? కేసు కోసం చెబుతున్నారా?’’

‘‘కుళ్ళు సార్.’’

‘‘ఏమిటి?’’

‘‘నాకు కుళ్ళు. ఆయమ్మ పేరు సూస్తే నాకు ఒళ్ళు మంట. రేటు బాగుండె, దానికోసరం రాసినా. నా పేరు రాసిన పొద్దే ఆయప్ప పోయినాడు. కేసు కోసరమైతే ఈ మాట చెప్పుకుంటానా సార్, మా అత్త ముందర?’’

జడ్జిగారు కొంతసేపు పెన్ను పట్టుకుని ఆలోచించి, టైపిస్టుకు ఇంగ్లీషులో చెప్పారు. నాకు అర్థమైనంతవరకు, ఆడవాళ్ళిద్దరి మధ్య సఖ్యత లేదన్నట్టు ఏదో చిన్న వాక్యం. ఆ ‘కుళ్ళు’ అన్న మాట అందులోకి ఎక్కలేదు.

తోడికోడలి వంతు వచ్చినప్పుడు చెల్లెలు హాల్లో ఉండకుండా బయటికి వెళ్ళిపోయింది. ఆమె చెప్పింది కూడా నాకు కుప్పంలో చెప్పినదే. ఒక్క మాట ఎక్కువ లేదు, తక్కువ లేదు.

‘‘ఫోన్ రాకపోతే పేరు మారినట్టేనా?’’ అన్నాడు కంపెనీ లాయరు.

‘‘మారకుంటే చేస్తాడు సార్. నేను అలిగి కూర్చుంటి.’’

‘‘మీ అక్కకు సాయం చెయ్యడానికి వచ్చారు కదమ్మా?’’

ఆమె ఆయన్ను వింతగా చూసింది. ‘‘సాయమా? మాకు మాటలే లేవు సార్. పిలిచినారని వస్తి. ఆమె బయట నిలబడుండాది సూడండి, నా మొహం సూడలేక.’’

వెనక ఎవరో నవ్వారు. కంపెనీ లాయరు ఇంకేమీ అడగలేదు.

కోర్టు బయట అత్తగారు చెట్టు నీడలో నిలబడి ఉంది. పెద్దకోడలు దగ్గరికి వస్తుంటే ఆమె ఏమంటుందోనని నేను భయపడ్డాను. పుంగనూరు బస్సు వచ్చేవరకు ఇద్దరూ పక్కపక్కనే, మాటల్లేకుండా నిలబడ్డారు. బస్సెక్కేటప్పుడు మాత్రం ముసలామె, ‘‘చెప్పకుండా ఇన్నాళ్ళు ఎట్లుంటివే?’’ అంది. అది కోపమో, మరోటో, నాకు ఇప్పటికీ తెలియదు. ఊళ్ళో అనాల్సినవాళ్ళు అనాల్సిందే అన్నారు. చెల్లెలు చాలాకాలం ఆ ఊరి ముఖం చూడలేదు.

తీర్పు రావడానికి ఇంకా చాలా వాయిదాలు పట్టింది. వచ్చిన రోజు లాయరమ్మ మమ్మల్ని పిలిపించి చదివి వినిపించింది. చనిపోయిన మనిషి తన ఇంటి సరుకుతో వెళుతున్నాడు కాబట్టి పరిహారం ఇన్సూరెన్సు కంపెనీయే కట్టాలి. పిల్లల వాటా వాళ్ళకు వయసు వచ్చేదాకా బ్యాంకులో ఉండాలి. చెల్లెలు ఆ మాటలకు తల ఊపింది, ఏదో ఇంటి అద్దె సంగతి విన్నట్టు.

‘‘ఇక్కడ సూడమ్మా, నాకు బాగా నచ్చింది ఇదే’’ అంది లాయరమ్మ పేజీ తిప్పి. ‘‘ఈ సాక్షులిద్దరి మధ్యా ప్రేమాభిమానాలేవీ లేవు, ఒకరి కోసం ఒకరు అబద్ధమాడే అవకాశం కనబడదు, రెండో సాక్షి మాట నమ్మదగ్గది, అని రాసినారు. మీ తగవే మిమ్మల్ని గెలిపించింది పో!’’

చెల్లెలి ముఖం మారింది.

‘‘రెండో సాక్షి అంటే ఆయమ్మేనా?’’

‘‘ఆమే.’’

‘‘ఆయమ్మ మాట నమ్మినారు. నాది నమ్మలేదా?’’

‘‘నీది కూడా నమ్మినారు కదమ్మా. ఇద్దరిదీ కలిపే రాసినారు.’’

‘‘కలిపి ఎట్లా రాస్తారు? ముందర ఎవురి మాట రాసిండారు?’’

లాయరమ్మ నా వైపు చూసింది. నేను ఆ కాగితం తీసుకుని వేలితో చూపించాను. ‘‘ముందర నీదే. ఇదో, ఈ పేరా అంతా నువ్వు చెప్పిందే. ఆయమ్మది తర్వాత.’’

చెల్లెలికి ఇంగ్లీషు రాదు. నేను చూపించిన పేరా మీద చెయ్యి వేసి, అక్షరాలను కప్పేసినట్టుగా అలాగే పెట్టి ఉంచింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, ‘‘కుప్పానికి నువ్వే ఫోన్ చేసి చెప్పు నా. నేను చెయ్యను’’ అంది.

చేశాను. చెల్లెలు పక్కనే నిలబడి, ఆయమ్మ ఏమంటోందో వినడానికి చెవి ఇటు పెట్టింది.